మైనపు అచ్చు నుంచి టర్బైన్ చక్రం వరకు: ఉట్నూరు ప్రాంత ఓజాల పోతపని, హైదరాబాదు లోహవిద్య – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: ఉట్నూరు ప్రాంతంలో ఓజాలు చేసే ఇత్తడి పోతపనికి, విమాన యంత్రాల టర్బైన్ రెక్కల తయారీకి మైనపు అచ్చు పద్ధతి ఉమ్మడి ఆధారం. ఈ పోలిక వల్ల మొదటిదే రెండవదానికి మూలమన్న అభిప్రాయం వ్యాప్తిలోకి వచ్చింది. వేడిలో, వేగంలో నిలకడగా తిరగవలసిన రెక్కల చక్రం చరిత్రను రామగుండం, హైదరాబాదు ఉదాహరణలతో పరిశీలించి, ఆ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: ఉట్నూరు, ఓజాలు, డోక్రా, మధూచ్ఛిష్ట విధానం, టర్బైన్, లోహవిద్య, కంచన్‌బాగ్, రామగుండం.

1. ప్రస్తావన

ఉట్నూరు నుంచి అసిఫాబాదు వైపు వెళ్ళే దారిలో జైనూరు ఉంది. ఆ పరిసరాల్లోని కేస్లాగూడ, ఉషేగాం గ్రామాల్లో ఓజా కుటుంబాలు తరతరాలుగా ఇత్తడి పోతపని చేస్తున్నాయి. గోండుల దేవతలకు కావలసిన పూజాసామగ్రి, గంటలు, గజ్జెలు, దీపపు సెమ్మెలు, ఏనుగులు, నెమళ్ళు వీరి చేతుల్లో రూపొందుతాయి. 2018లో ‘ఆదిలాబాద్ డోక్రా’ పేరుతో ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2016 నాటి పునర్విభజనలో జైనూరు కుమురం భీం అసిఫాబాదు జిల్లాలోకి వెళ్ళినా, ఈ గ్రామాలకు ఉట్నూరుతో ఉన్న పాలనాసంబంధం, సాంస్కృతిక సంబంధం తెగిపోలేదు.

హైదరాబాదు కంచన్‌బాగ్‌లో రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల ఉంది. హెలికాప్టర్ యంత్రానికి అవసరమైన ఏకస్ఫటిక టర్బైన్ రెక్కలను ఈ ప్రయోగశాల రూపొందించిందని, వాటిలో 60 రెక్కలను హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు అందజేసిందని 2021 ఏప్రిల్‌లో ప్రకటన వెలువడింది. మొత్తం 300 రెక్కలు, అంటే ఐదు జతలు తయారుచేయాలన్న కార్యక్రమంలో అది మొదటి జత. ఆ రెక్కలకు కూడా తొలిరూపం మైనమే.

రెండు చోట్లా మైనంతో బొమ్మ చేసి, దానిచుట్టూ అచ్చు కట్టి, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. ఇంత దగ్గరి పోలిక కంటపడగానే ‘జెట్ యంత్రాల విద్య మన గూడేలలో ఎప్పటినుంచో ఉంది’ అనే మాట సులువుగా పుడుతుంది. సభల్లోనూ ప్రదర్శనల్లోనూ గౌరవభావంతోనే ఆ మాట అంటారు. అయితే గౌరవం ఒకటి, చరిత్ర మరొకటి. ఆ మాట నిజమైతే ఓజాలకు దక్కవలసిన స్థానం చాలా పెద్దది. నిజం కాకపోతే, వారు నిజంగా చేసే పనిని పక్కనపెట్టి వారు చేయని పనికి మెచ్చుకుంటున్నామని అర్థం.

2. ఓజాల పోతపని

ఓజా, వోజ్, ఒటారి అనే పేర్లతో వ్యవహరించే ఈ సముదాయం గోండు సమాజంతో కలిసి బతికిన వృత్తిసముదాయం. గోండుల వంశకథలు పాడటం పర్ధానుల బాధ్యత అయినట్లే, గోండుల కొలుపులకు లోహరూపాలను సమకూర్చడం ఓజాల బాధ్యత.

పని మట్టితో మొదలవుతుంది. వస్తువు లోపలి భాగాన్ని మెత్తటి మట్టితో ముద్దగా చేసి ఎండబెడతారు. తేనెమైనంలో గుగ్గిలం వంటి జిగురు కలిపి, మెత్తబరచి, సన్నని తీగలుగా సాగదీస్తారు. ఆ తీగలను మట్టిముద్ద మీద పక్కపక్కనే చుట్టుకుంటూ వెళ్తారు. డోక్రా వస్తువుల మీద కనిపించే నూలు చుట్టినటువంటి గీతలు ఈ మైనపు తీగల జాడలే. ఆపైన మొదట సన్నని మట్టిని, తరువాత ఊక, పేడ కలిపిన ముతక మట్టిని పొరలుగా పట్టించి, లోహం దిగడానికి దారి వదులుతారు. కొలిమిలో అచ్చు కాలినప్పుడు మైనం కరిగి పోతుంది. అది విడిచిన సందులోకి కరిగిన ఇత్తడి దిగుతుంది. చల్లారాక మట్టిని పగలగొడతారు. ఒక అచ్చుకు ఒకే వస్తువు.

ఇక్కడ ఒక మాట ముచ్చట. లోహం కరిగించే పాత్రను, పోతపోసే అచ్చును తెలుగులో ‘మూస’ అంటాము. ఆధునిక విమర్శలో ‘మూస కథ’, ‘మూస పాత్ర’ అంటే ఒకే తీరున పుట్టుకొచ్చేవని నింద. కాని ఓజా మూస ప్రతిసారీ పగిలిపోతుంది. అందులోంచి రెండో వస్తువు రాదు. ఈ మాటకు నిందార్థాన్ని తెచ్చిపెట్టింది పదేపదే పనికొచ్చే అచ్చులే తప్ప ఓజాల అచ్చు కాదు.

లోపలి మట్టిముద్ద గురించి కూడా చెప్పుకోవాలి. అది లేకపోతే వస్తువు నిండు లోహపు ముద్ద అవుతుంది. ఇత్తడి ఖరీదైనది, అదే సమయంలో మైనంకన్నా సుమారు తొమ్మిది రెట్లు బరువైనది. ముద్ద ఉండటం వల్ల లోహం పైపొరగా మాత్రమే పరుచుకుంటుంది. పొదుపు కోసం పుట్టిన ఈ ఉపాయంలాంటిదే టర్బైన్ రెక్కలోనూ ఉంది. అయితే అక్కడ దాని పని వేరు.

3. మైనం నడిచిన దారులు

మైనపు అచ్చు పద్ధతికి సంస్కృతంలో మధూచ్ఛిష్ట విధానమని పేరు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన ‘మానసోల్లాసం’ దీనిని వివరంగా చెప్పింది. మైనపు ప్రతిమను తూచి, ఆ తూకాన్ని బట్టి ఏ లోహం ఎంత కావాలో లెక్కకట్టడం అందులో ఉంది. తెలంగాణలో చాలా భాగం చాళుక్యుల ఏలుబడిలో ఉన్న కాలమది. అందువల్ల మన ప్రాంతానికి ఈ విద్య శాస్త్రరూపంలోనూ పరిచితమే, చేతివృత్తి రూపంలోనూ పరిచితమే.

అయినా టర్బైన్ రెక్కలోకి మైనం చేరింది ఈ దారిన కాదు. 1907లో అమెరికాలో విలియం టాగర్ట్ అనే దంతవైద్యుడు పంటికి అమర్చే బంగారు పూరకాన్ని మైనపు అచ్చుతో ఖచ్చితంగా పోతపోసే పద్ధతిని ప్రకటించాడు. నోటిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా పన్ను కూర్చోదు గనుక కొలత తప్పని పోత ఆ వృత్తికి అవసరమైంది. తరువాత ఆస్టెనాల్ అనే సంస్థ కోబాల్టు, క్రోమియం కలిసిన ‘వైటాలియం’ అనే మిశ్రలోహాన్ని కట్టుడుపళ్ళ పనికి, ఎముకల శస్త్రచికిత్సకు ప్రవేశపెట్టింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమానాల టర్బో సూపర్‌చార్జర్లకు వేడి పొగలో తిరిగే చిన్న రెక్కలు వేలకొద్దీ కావలసి వచ్చాయి. వైటాలియం వేడిని తట్టుకుంటుంది, కాని గట్టితనం వల్ల చెక్కడానికి లొంగదు. చెక్కనవసరం లేకుండా నేరుగా రూపం వచ్చే పోత దంతవైద్యుల దగ్గర సిద్ధంగా ఉంది. ఆ విధంగా మైనం యుద్ధవిమానంలోకి వచ్చింది.

కాబట్టి వంశవృక్షం గీయదలచినవారు కేస్లాగూడ నుంచి కంచన్‌బాగ్‌కు గీత గీయలేరు. ఆ గీత అమెరికన్ దంతవైద్యుడి బల్ల మీదుగా పోతుంది. వైద్యుల మైనపు పనికి వెనుక ప్రపంచమంతటా ఉన్న శిల్పుల, కంసాలుల ప్రాచీన పరిజ్ఞానం ఉంది. ఓజాల విద్య కూడా ఆ మహావృక్షంలో ఒక కొమ్మ. కొమ్మను వేరు అనడమే పొరపాటు.

4. తిరిగే చక్రానికి ఉన్న చిక్కులు

పోత పూర్తయ్యేసరికి ఓజా పని దాదాపు పూర్తయినట్లే. టర్బైన్ రెక్కకు అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ఈ తేడాను తెలుసుకోవడానికి ఉట్నూరు నుంచి హైదరాబాదు దాకా వెళ్ళనక్కరలేదు. పాత కరీంనగర్ జిల్లాలోని రామగుండం చాలు. అక్కడ 1971లో 62.5 మెగావాట్ల విద్యుత్కేంద్రం పనిచేయడం మొదలైంది. జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రంలో తొలి యూనిట్ 1983లో వచ్చింది. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది గనుక, ఇటువంటి కేంద్రాల్లో ఆవిరి టర్బైన్ సాధారణంగా నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది.

నిమిషానికి 3,000 చుట్లు అంటే ఎంతటి బలమో ఒక లెక్క చూపుతుంది. ఇరుసు నుంచి ఒక మీటరు దూరంలో ఒక కిలో బరువున్న రెక్క ఉందనుకుంటే, దానిని బయటికి లాగే అపకేంద్ర బలం దాదాపు పది టన్నుల బరువుకు సమానం. విమాన యంత్రంలో చక్రం చిన్నది, వేగం ఎక్కువ. ఇరుసు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న వంద గ్రాముల రెక్క నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే ఆ లాగుడు సుమారు 4.8 టన్నులు. వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది. ఈ బలాన్నంతా రెక్క మొదలు, ఆ మొదలును పట్టి ఉంచే చక్రపు అంచు, అంచును పట్టి ఉంచే నాభి మోయాలి.

స్వీడన్ దేశస్థుడు గుస్తాఫ్ దె లావల్ 1880లలో నిమిషానికి 30,000 చుట్లు తిరిగే ఆవిరి టర్బైన్ చేసినప్పుడు ఈ చిక్కును చక్రపు ఆకారంతో ఎదుర్కొన్నాడు. నాభి దగ్గర మందంగా, అంచుకు పోయేకొద్దీ పలుచగా ఉండే చక్రంలో ఒత్తిడి దాదాపు అంతటా సమానంగా పంచుకోబడుతుంది. ఇరుసు దూర్చడానికి నడిమధ్య చిన్న రంధ్రం పెట్టినా అక్కడి ఒత్తిడి సుమారు రెట్టింపవుతుంది. అందువల్ల అతడు అతివేగపు చక్రాలకు రంధ్రమే పెట్టక, ఇరుసును రెండు పక్కల నుంచి మరలతో బిగించాడు. బండి చక్రానికి నడుమ తొలి, అంటే రంధ్రం, లేకుండా ఊహించలేని మనకు ఇది వింతగా తోస్తుంది.

బండి చక్రం మాట వచ్చింది గనుక, వేడి సంగతి దానితోనే తెలుసుకోవచ్చు. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు కమ్మరి దానిని చక్రంకన్నా కొద్దిగా చిన్నదిగా చేసి, చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాల్చి, అది వ్యాకోచించి ఉండగానే కొయ్యచక్రానికి తొడిగి నీళ్ళు చల్లుతాడు. చల్లారిన పట్టా ముడుచుకొని ఆకులను, కొయ్యను బిగించి పట్టుకుంటుంది. పాతకాలపు ఆవిరి టర్బైన్లలో రెక్కల చక్రాలను ఇరుసు మీదకు ఎక్కించింది ఈ సూత్రంతోనే. చక్రాన్ని వేడిచేసి, నాభి రంధ్రం పెద్దదయ్యాక ఇరుసుకు తొడిగి చల్లార్చేవారు. అయితే బండికి లేని చిక్కు టర్బైనుకు ఉంది. పూర్తి వేగం అందుకున్నప్పుడు చక్రం తన లాగుడుకు తానే సాగుతుంది. నాభి రంధ్రం కాస్త పెద్దదై పట్టు సడలుతుంది. ఆవిరి హఠాత్తుగా వేడెక్కితే, ఇరుసుకు ఆ వేడి చేరకముందే చక్రం వ్యాకోచించి పట్టు ఇంకా తగ్గుతుంది. ఎంత వేగంలో, ఎంత వేడిలో ఎంత సడలుతుందో ముందే లెక్కకట్టి, చల్లగా ఉన్నప్పటి బిగువును అంత ఎక్కువగా ఉంచాలి. కమ్మరి అనుభవంతో తెలుసుకున్న ‘కొద్దిగా చిన్నది’ అన్న మాట ఇక్కడ మిల్లీమీటరులో భాగాల లెక్క అయింది.

వేడి మరో విధంగానూ బాధిస్తుంది. అంచు వేడెక్కి సాగబోతుంది, నాభి చల్లగా ఉండి దానిని సాగనివ్వదు. ఫలితంగా అంచు నలుగుతుంది, నాభి మీద లాగుడు పెరుగుతుంది. తిరగడం వల్ల అప్పటికే లాగుడులో ఉన్న నాభికి ఇది అదనపు భారం. యంత్రాన్ని తొందరపడి వేడెక్కించకూడదన్న నియమం ఇక్కడినుంచే వచ్చింది. ఆపేటప్పుడు కూడా అంతే. ఆవిరి కట్టేసిన వెంటనే చక్రాల వరుసను కదలకుండా వదిలితే, కింది భాగం త్వరగా చల్లారి, పైభాగం వేడిగా ఉండిపోయి, ఇరుసు విల్లులా వంగుతుంది. అందువల్ల ఆగిన తరువాత కూడా చిన్న మోటారుతో గంటల తరబడి మెల్లగా తిప్పుతూనే ఉంటారు. ఆవిరి లేకపోయినా, విద్యుత్తు పుట్టకపోయినా, చక్రం తన ఆకారాన్ని కాపాడుకోవడానికి మాత్రమే తిరుగుతూ ఉంటుంది.

అన్నింటికన్నా ఆలస్యంగా అర్థమైన చిక్కు కంపనం. ఏ చక్రానికైనా గరిమనాభి, ఇరుసు మధ్యరేఖ పూర్తిగా ఏకీభవించవు. వేగం పెరిగేకొద్దీ ఈ వెంట్రుకవాసి తేడా ఇరుసును ఊపుతుంది. ఒకానొక వేగం దగ్గర ఆ ఊపు ప్రమాదకరమవుతుంది. ఆ వేగాన్ని దాటి ఏ ఇరుసూ నిలకడగా తిరగదని 1869లో రాంకిన్ సిద్ధాంతీకరించాడు. దె లావల్ సన్నని, వంగే ఇరుసుతో ఆ వేగాన్ని దాటించి చూపాడు. దాటిన తరువాత చక్రం తన గరిమనాభి చుట్టూ తానే సర్దుకొని నెమ్మదిస్తుంది. అది ఎందుకు అలా జరుగుతుందో 1919లో జెఫ్‌కాట్ రచన స్పష్టమైన గణితవివరణ ఇచ్చింది. చేత చేసిన పని ముందు, శాస్త్రం తరువాత అన్న క్రమం చేతివృత్తులకే పరిమితం కాదని దీనివల్ల తెలుస్తుంది.

ఇరుసు ఊగకపోయినా చక్రం ఊగవచ్చు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వారి టర్బైన్ చక్రాలు కొన్ని కారణం తెలియకుండా పగిలాయి. విల్‌ఫ్రెడ్ క్యాంప్‌బెల్ వాటిని పరిశోధించి 1924లో ఫలితాలు ప్రకటించాడు. పలుచని చక్రం పళ్ళెంలా వణుకుతుంది. ఆ వణుకు చక్రం మీద అలగా పరుగెడుతుంది. చక్రం ముందుకు తిరిగే వేగానికి సరిగ్గా సమానమైన వేగంతో అల వెనక్కి పరుగెడితే, బయట నిలబడి చూసేవారికి ఆ అల నిశ్చలంగా కనిపిస్తుంది. అప్పుడు ఒకచోట నుంచి నిలకడగా వీచే ఆవిరి ఆ అలను ఒకే చోట ఎడతెగకుండా నెడుతూ పోతుంది. బలం చిన్నదే, కాని ప్రతి చుట్టులోనూ కూడుతుంది. చివరికి లోహం అలసిపోతుంది. వేగాన్ని అడ్డంగా, కంపనసంఖ్యను నిలువుగా తీసుకొని ఆయన గీసిన పటం నేటికీ ఆయన పేరుతోనే చలామణిలో ఉంది. ఏ రెక్కల చక్రాన్ని రూపొందించినా, అది నిత్యం తిరిగే వేగం ఆ పటంలోని ప్రమాదపు ఖండనబిందువులకు దూరంగా ఉందని చూపవలసిందే.

ఈ జాగ్రత్త తప్పితే ఏమవుతుందో మన దేశంలోనే తెలిసింది. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణువిద్యుత్కేంద్రంలో టర్బైన్ అల్పపీడన విభాగపు చివరి వరుసలో రెండు రెక్కలు లోహపు అలసట వల్ల విరిగాయి. వాటి దెబ్బకు మరికొన్ని విరిగాయి. సమతౌల్యం చెడిన ఇరుసు తీవ్రంగా ఊగింది. జనరేటరును చల్లబరిచే హైడ్రోజన్ వాయువు బయటికి వచ్చి మంటలు లేచాయి. ప్రాణనష్టం జరగలేదు, రేడియోధార్మికత వెలువడలేదు. రెండు రెక్కల పగులు అణుకేంద్రంలో విద్యుత్సరఫరాను గంటల తరబడి స్తంభింపజేయగలదని మాత్రం రుజువైంది. ఖరగ్‌పూర్, ఢిల్లీ ఐఐటీలలో బోధించిన ఆచార్య జె. ఎస్. రావు రెక్కల కంపనం మీద విస్తారంగా రాశారు. తిరిగే యంత్రాల గతిశాస్త్ర చరిత్రను ఆయన 2011లో ‘హిస్టరీ ఆఫ్ రొటేటింగ్ మెషినరీ డైనమిక్స్’ అనే గ్రంథంగా వెలువరించారు. తెలుగులో ఈ విషయం మీద అటువంటి సమగ్రగ్రంథం అవసరం ఎంతో ఉంది.

5. కంచన్‌బాగ్

ఫ్రాంక్ విటిల్ జెట్ యంత్రం 1937 ఏప్రిల్ 12న ఇంగ్లండులో తొలిసారి తిరిగింది. ఆవిరి టర్బైనుకు లేని కష్టం దీనితో వచ్చింది. రెక్కలు ఎర్రగా కాలే వేడిలో ఉంటాయి. అటువంటి వేడిలో లోహం విరగకముందే సాగుతుంది. గంటగంటకూ కంటికి కనిపించనంతగా పొడవు పెరిగి, చివరికి చుట్టూ ఉన్న తొడుగును ఒరుసుకుంటుంది. లోహశాస్త్రం దీనిని క్రీప్ అంటుంది. 1940లలో బ్రిటన్‌లో వచ్చిన నిమోనిక్ మిశ్రలోహాలు నికెల్, క్రోమియంలకు కొద్దిపాటి టైటానియం, అల్యూమినియం చేర్చి ఈ సాగుడును అదుపు చేశాయి. అప్పటినుంచి టర్బైన్ చరిత్ర సగం ఆకారాల చరిత్ర, సగం లోహాల చరిత్ర.

ఆ రెండవ సగంలో హైదరాబాదుకు చోటుంది. 1960లలో రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల ఇక్కడ నెలకొంది. 1973లో ప్రత్యేక మిశ్రలోహాల ఉత్పత్తికి మిశ్రధాతు నిగమ్ ఏర్పడింది. రామచంద్రాపురంలోని భెల్ కర్మాగారం చెకోస్లొవేకియా సహకారంతో ఆవిరి టర్బైన్ల తయారీ చేపట్టింది. 1980లలో పల్లె రామారావు సంచాలకులుగా ఉన్న ఈ ప్రయోగశాల, దేశీయ యుద్ధవిమానం కోసం 1989లో మంజూరైన కావేరి యంత్రానికి కావలసిన లోహవిద్యకు ప్రధాన ఆధారమైంది. కావేరి ఆశించిన శక్తిని, బరువును అందుకోలేకపోయింది. 2008లో దానిని తేజస్ విమానం నుంచి విడదీశారు. దానిని వైఫల్యంగా మాత్రమే చెప్పేవారు, వేడి భాగాల లోహవిద్య ఎవరూ ఎవరికీ అమ్మని విద్య అన్న సంగతిని మరిచిపోతారు. విమానాన్ని అమ్మే దేశం కూడా రెక్క పోతపోసే రహస్యాన్ని తన దగ్గరే ఉంచుకుంటుంది.

ఆ రహస్యం ఏమిటో స్థూలంగా చెప్పవచ్చు. మామూలుగా పోసిన లోహం గడ్డకట్టినప్పుడు లెక్కలేనన్ని రేణువులుగా గడ్డకడుతుంది. అతివేడిలో, నిరంతర లాగుడులో ఆ రేణువుల సరిహద్దులే ముందుగా జారుతాయి, పగులుతాయి. సరిహద్దులన్నీ లాగుడు దిశలో నిలువుగా ఉండేలా గడ్డకట్టిస్తే రెక్క ఎక్కువకాలం మన్నుతుంది. అసలు సరిహద్దులే లేకుండా రెక్క అంతా ఒకే స్ఫటికమైతే ఇంకా మేలు. పటికబెల్లం చేసేవారు పాకాన్ని కదపకుండా, నెమ్మదిగా చల్లారనిచ్చి దారానికి పెద్ద పలుకులు కట్టించినట్లే, ఇక్కడ శూన్యపు కొలిమిలో ఉన్న అచ్చును అడుగున నీటితో చల్లబరిచే రాగి పలక మీద నిలిపి, నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల వంతున వేడి నుంచి కిందికి దించుతారు. అడుగున పుట్టిన అనేక రేణువులు మెలితిరిగిన సన్నని దారిగుండా పైకి ఎదగవలసి వస్తుంది. ఒక్కటే దాటుతుంది. ఆ ఒక్కటే రెక్క అంతా వ్యాపిస్తుంది.

రెక్క లోపల ఖాళీ ఉంటుందని ముందే సూచించాము. ఓజా మట్టిముద్దకు బదులు ఇక్కడ పింగాణీ వంటి పదార్థంతో చేసిన సన్నని అంతర్భాగం ఉంటుంది. మైనం దానిచుట్టూ చేరుతుంది. లోహం గడ్డకట్టాక దానిని క్షారద్రావణంలో కరిగించి తీస్తారు. మిగిలిన సందుల్లో గాలి ప్రవహించి రెక్కను చల్లబరుస్తుంది. చుట్టూ వీచే వాయువు వేడి రెక్క కరిగే వేడిని మించి ఉన్నా రెక్క నిలిచేది ఇందువల్లనే. ఒకచోట ఖాళీ లోహాన్ని ఆదా చేస్తే, మరోచోట ప్రాణాన్ని కాపాడుతుంది.

రెక్కలు పట్టుకొని ఉండే చక్రం సంగతి మరి? 2021 మే నెలలో అదే ప్రయోగశాల మరో ఫలితాన్ని ప్రకటించింది. జాగ్వార్, హాక్ విమానాలు వాడే అడూర్ యంత్రపు అధికపీడన కంప్రెసరులోని ఐదు వరుసల చక్రాలనూ టైటానియం మిశ్రలోహంతో, 2,000 టన్నుల ప్రెస్సు మీద, దాదాపు సమోష్ణ స్థితిలో సాగగొట్టి తయారుచేసింది. మిశ్రధాతు నిగమ్ ఇందులో భాగస్వామి. టైటానియం చాలా ఇరుకైన ఉష్ణోగ్రతల మధ్యనే మాట వింటుంది. చల్లని దిమ్మెల మధ్య నొక్కితే పైపొర చల్లారి బిరుసెక్కుతుంది, లోపలి భాగం మాత్రం మెత్తగా ఉండి అసమానంగా పారుతుంది. అందువల్ల దిమ్మెలనూ లోహంతో పాటు కాల్చి ఉంచి, సుత్తి దెబ్బలాగా కాక మెల్లగా, ఓపికగా నొక్కుతారు. చక్రంలో అన్నిచోట్లా రేణువులు ఒకే తీరుగా రావడమే దీని ప్రయోజనం. తరువాత అది వేల గంటలు తిరిగినా ఏ ఒక్క చోటా ముందుగా అలసిపోదు.

6. చల్లార్చే విద్య

ఉత్తర తెలంగాణకు లోహాన్ని నెమ్మదిగా చల్లార్చే విద్య కొత్తది కాదు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో తయారైన ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి పారసీక వర్తకులు వచ్చేవారు. త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వోయ్‌సీ దీనిని స్వయంగా చూసి రాశాడు. ఆ రచన ఆయన మరణానంతరం 1832లో అచ్చయింది. నిర్మల్ సమీపంలోని దిమ్మదుర్తి ఇనుము ఆ ఉక్కుకు ముడిసరుకులలో ఒకటి. పోసిన తరువాత లోహం ఎలా చల్లారుతుందన్నదే దాని గుణాన్ని నిర్ణయిస్తుందని ఆ కొలిమివారికి తెలుసు. కంచన్‌బాగ్ పనికి పోలిక వెతకాలనుకునేవారు ఓజాల మైనంలో కన్నా ఈ మూసల చల్లార్పులో వెతకడం సబబు. అక్కడా వంశసంబంధం లేదు. పోలికైనా సరైన చోట ఉంటుంది.

ఓజా పనిలో లోహపు రేణువు ఎలా గడ్డకట్టిందన్న ప్రశ్న లేదు. గజ్జె మోగాలి, దీపం నిలబడాలి, దేవుడి ముందు పెట్టిన వస్తువు పూర్వులు చేసినట్లే ఉండాలి. అందుకు కావలసిన కౌశలం మైనపు తీగ మందంలో, మట్టిపొరల క్రమంలో, కొలిమి రంగును బట్టి లోహం దిగే క్షణాన్ని పసిగట్టడంలో ఉంది. దానిని టర్బైన్ కొలబద్దతో కొలిస్తే తక్కువగా కనిపిస్తుంది, తక్కువ కాదు. రెండు నెమళ్ళు తూకంలో తేడాగా ఉంటే కొనేవారికి సంతోషమే. టర్బైన్ చక్రానికి అమర్చే రెక్కలను మాత్రం ఒక్కొక్కటిగా తూచి, ఇరుసు చుట్టూ వాటి భారం సమంగా పంచుకొనేలా, ఎదురెదురుగా జతలు చూసి కూర్చవలసిందే.

కంచన్‌బాగ్ వంటి చోట పోసిన ప్రతి రెక్కకూ ఒక సంఖ్య ఉంటుంది. ఏ పోతలోనిది, ఏ వేడిలో పోశారు, ఎంత వేగంతో దించారు, ఎక్స్‌రేలో ఏమి కనిపించింది అన్నవన్నీ ఆ సంఖ్య కింద నమోదవుతాయి. పదేళ్ళ తరువాత ఎక్కడైనా రెక్క విరిగితే ఆ సంఖ్యతో వెనక్కి వెళ్ళి కారణం వెతకవచ్చు. క్యాంప్‌బెల్ పటం పుట్టింది కూడా విరిగిన చక్రాలను భద్రపరిచి పరిశీలించినందువల్లే. కేస్లాగూడలో లోహం సరిగా దిగని పోతను మళ్ళీ మూసలో వేసి కరిగిస్తారు. ఎందుకు దిగలేదన్నది పోసినవాడికి తెలుసు, పక్కన కూర్చొని మైనపు తీగలు సాగదీస్తున్న కొడుకుకో కోడలికో తెలుస్తుంది. భౌగోళిక గుర్తింపు పత్రంలో పద్ధతి వరుస క్రమంలో చేరుతుంది గాని, ఏ వేసవిలో ఏ పుట్టమట్టి పగిలిందో, ఏ అడవి మైనానికి ఎంత గుగ్గిలం పట్టిందో, కొలిమిమంట ఏ రంగుకు వచ్చినప్పుడు అచ్చును తలకిందులు చేయాలో చేరదు. ఇత్తడి, మైనం ధరలు పెరిగి ఓజా యువకులు వేరే పనులు వెతుక్కుంటున్న ఈ రోజుల్లో, ఆ వివరాలను వారి నోట, వారి మాటల్లోనే, గోండీలోనూ తెలుగులోనూ రాసిపెట్టే పని ఉట్నూరుకు దగ్గరలో ఉన్న విశ్వవిద్యాలయాల భాషాశాఖలు చేపట్టదగినది.